సబ్బు డబ్బాలో చీటీలు

ఆసుపత్రిలో బట్టలు ఉతికే గది, షిఫ్టు ముగిసే వేళ. బండి నిండా ఆరిన దుప్పట్లు ఉన్నాయి, మడవడానికి ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరికీ నెల్లాళ్ళుగా సరిగ్గా మాటల్లేవు.

“వదులు. నేను మడుచుకుంటాలే.”

“ఇంత పొడుగు దుప్పటి ఒక్కదానివే ఎలా మడుస్తావక్కా? గడ్డం కింద నొక్కిపెట్టుకునా?”

“పందొమ్మిదేళ్ళ నుంచి మడుస్తున్నా. నువ్వొచ్చి నాకు నేర్పాలా?”

“నాకు నేర్పిందే నువ్వు. పట్టు ఆ అంచు. దులుపు.”

“నీకెందుకు ఇంకా ఈ పని? రేపట్నుంచి స్టోర్లో కూర్చునేదానివి. కుర్చీ, బల్ల, ఫ్యానూ. పో, వెళ్ళి కుర్చీ తుడుచుకో.”

“రేపు కదా. ఇవాళ ఇక్కడే ఉన్నా. నాలుగు మడతలు. నా వైపు రా.”

“నువ్వే రా. నా మోకాళ్ళు రావు.”

“వస్తున్నా… అక్కా, నెల రోజులైంది నువ్వు నాతో మాట్లాడి.”

“మాట్లాడుతూనే ఉన్నాగా.”

“‘సబ్బు అయిపోయింది’, ‘బండి జరుపు’. అదీ ఒక మాటేనా?”

“మరేం మాట్లాడమంటావు? అలిసిపోయానే. ఒళ్ళు అలిసిపోయింది, నోరు కూడా అలిసిపోయింది. ఇంకోటి తియ్యి.”

“ఇది చిరిగింది.”

“చిరిగినవి పక్కన పడెయ్. నన్ను పడేసినట్టు.”

“అక్కా!”

“ఏం? ఉన్న మాటంటే ఉలుకెక్కువ.”

“గురువారం బైబిల్ చదవడం కూడా మానేశావు. నాలుగు వారాలైంది. భోజనం టైములో అందరం ఇస్త్రీ బల్ల చుట్టూ కూర్చుని, నీకోసం చూసి చూసి లేచిపోతున్నాం.”

“గొంతు బాలేదు.”

“మొన్న సూపర్‌వైజరు మీద అరిచినప్పుడు బానే ఉందిగా?”

“అంచు సరిగ్గా పట్టుకో. వంకరొస్తోంది.”

“ఎక్కడ ఆపామో గుర్తుందా?”

“లేదు.”

“సౌలు రాజు దగ్గర. ఆడవాళ్ళందరూ తనకంటే దావీదునే ఎక్కువ పొగుడుతూ పాడారు, ఆ రోజు నుంచి సౌలుకి దావీదు కంట్లో నలుసైపోయాడు. సరిగ్గా అక్కడ పుస్తకం మూసేశావు.”

“గుర్తుందిలే.”

“ఆ పొద్దున్నేగా నాకు స్టోర్ ఇచ్చినట్టు నోటీసు అంటించింది?”

“అవును! చాలా? నేను సౌలునే. అతను దావీదు మీదికి విసిరిన ఈటె ఒక్కటే నా చేతిలో తక్కువ.”

“నేనలా అనలేదు.”

“నువ్వనక్కర్లేదు, రోజూ నేనే అనుకుంటున్నా. నిన్ను ఈ పనిలో చేర్పించిందెవరు? నేను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ బైబిల్ చదవడం నేర్పిందెవరు?”

“నువ్వే.”

“నువ్వొచ్చి ఆరేళ్ళు. నాకు పందొమ్మిది. నీకంటే నేనేం తక్కువ చేశానే? నేను ఆ కుర్చీ కోరుకుంది దర్జాకి కాదు, ఈ మోకాళ్ళకి. పొద్దున్నే మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. దేవుడికి తెలీదా? ఈ మోకాళ్ళ మీదే కదా ఆయన ముందు మోకరిస్తున్నా?”

“అడిగావా ఆయన్ని?”

“నిలదీశా. దానికెందుకిచ్చావు, నాకెందుకివ్వలేదు అని. పలకడు. నేనూ పలకడం మానేశా. పొద్దున కూర్చుని, సబ్బు డబ్బాలోంచి నాకు దొరికిన చీటీ ఒక్కటి చదివి లేచిపోతున్నా. అదొక్కటే మానలేదు. పదకొండు నెలలు.”

“ఏ చీటీ?”

“అడక్కు. ఆ పద్ధతి పెట్టిందే నేను. పేరు లేకుండా ఎవరి కోరిక వాళ్ళు రాసి డబ్బాలో వెయ్యాలి, ఎవరికి ఏది దొరికితే అది తీరేదాకా వాళ్ళు ప్రార్థన చెయ్యాలి, తీరాక చించెయ్యాలి. బయటికి చెప్పకూడదు.”

“సరే, అడగనులే. ఎవరిదో తెలీకుండానే రోజూ చేస్తున్నావా?”

“ఏడ్చి మరీ చేశా. ‘ఈ ఆవిరిలోంచి నన్ను బయటికి తియ్యి ప్రభువా, ఊపిరాడట్లేదు’ అని రాసుంది పాపం. బాయిలరు దగ్గర ముసలామెదే అయ్యుంటుంది, ఎప్పుడూ దగ్గుతుంటుందిగా. చూశావా, నోరు జారాను. ఎవరితో అనకు. ఏంటే, ఆగిపోయావు? మడతపెట్టు.”

“ముసలామెది కాదక్కా.”

“నీకెలా తెలుసు?”

“రెండేళ్ళ నుంచి నాకు ఆయాసం. చాటుగా వెళ్ళి మందు పీల్చుకొస్తున్నా. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు.”

“అయితే?”

“ఆ చీటీ నాది.”

“నీదా?”

“ఊ.”

“నీదా ఆ చీటీ! అంటే, పదకొండు నెలలు… ఉపవాసాలుండి మరీ… ఓరి దేవుడా! దీనికి ఇవ్వమని అడిగిందీ నేనే, ఎందుకిచ్చావని నిలదీసిందీ నేనే!”

“అక్కా, నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?”

“ఏమో. కాసేపు కూర్చోనీ. ఆ బండి పట్టుకో, జారుతుంది… నాతో చెప్పకూడదుటే, ఆయాసం సంగతి?”

“చెబితే నా వంతు కూడా నువ్వే ఉతుకుతావు. నీ మోకాళ్ళ సంగతి నాకు తెలీదా?”

“మందు పీల్చావా ఇవాళ?”

“పీల్చా.”

“రేపు కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకో. ఆ బీరువాల వెనకాల దుమ్ముంటుంది, ముందు తుడిపించు. ఇదంతా మనసారా అంటున్నాననుకోకు. నోరంటోంది, అంతే. మనసింకా రాలేదు.”

“వస్తుందిలే.”

“నా మోకాళ్ళు మర్చిపోయాడనుకున్నా. మర్చిపోలేదేమో. నీ ఊపిరి ముందు చూసుకున్నాడేమో. నా వంతూ ఎప్పుడో వస్తుంది. రాకపోయినా…”

“రాకపోయినా?”

“ఇంకోటి తియ్యి. ఎన్నున్నాయి?”

“మూడు. అక్కా, వెళ్ళేముందు ఒక్క మాట. స్టోర్లో భోజనం టైము వేరు. గురువారాలు రాలేనేమో. నా దగ్గరున్న చీటీ నీకిచ్చేస్తా. నువ్వు నా చీటీ తీసిన రోజే నేనూ ఇది తీశా, ఇంకా తీరలేదు.”

“చెప్పకూడదన్నానా?”

“నువ్వు చెప్పలేదూ? ‘ఒకరికి మంచి జరిగితే నా కడుపు మండకుండా చెయ్యి ప్రభువా’ అని ఉంది. ఇస్త్రీ ఆమెదేమో అనుకుంటా. ఎవరోగానీ, లోలోపల ఎంత నలిగిపోయి రాసిందో. ఒక్క రోజు కూడా మానలేదక్కా. ఇదిగో, తీసుకో.”

“నీ దగ్గరే ఉంచు.”

“నువ్వు చేస్తే తొందరగా తీరుతుంది.”

“నువ్వే చెయ్యి. ఆ కుర్చీలో కూర్చునే చెయ్యి. సగం తీరింది, ఇంకో సగముంది. అప్పుడే చించకు.”

“సగం తీరిందని నీకెలా తెలుసు? అసలు ఎవరిదో కూడా తెలీదే. చూడు, చిన్నపిల్లలు రాసినట్టు అక్షరాలన్నీ వంకర టింకరగా…”

“వంకరగా రాక ఏమవుతుంది? ఎవరూ పోల్చుకోకూడదని ఎడం చేత్తో రాశాను.”