పద్నాలుగో పటంలో కుడిపక్క వాల్వు

పందొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం జూన్ మూడవ తేదీ సోమవారం ఉదయం, చేతిలో నియామక పత్రమూ చంకలో గొడుగూ పెట్టుకుని మన నీటి సరఫరా కార్యాలయపు మెట్లెక్కిన ఇరవై ఆరేళ్ళ యువకుడు, ఈ ఏప్రిల్ ముప్పయ్యవ తేదీ సాయంత్రం అవే మెట్లు దిగి విశ్రాంత జీవితంలోకి అడుగుపెట్టబోతున్నారు. ముప్పై నాలుగేళ్ళకు నెల రోజులు తక్కువ. ఆ సుదీర్ఘ సేవను గురించి నాలుగు మాటలు రాయమని వీడ్కోలు సంచిక సంఘంవారు నన్ను కోరడం నాకు దక్కిన గౌరవమని మర్యాదకు రాయాలి. గౌరవం సంగతి ఎలా ఉన్నా, ఆ కబురు విన్నప్పుడు నాకు గుండె జారిపోయింది. ఈ వ్యాసం రాయడానికి ఈ కార్యాలయంలో నాకంటే అనర్హుడు మరొకడు లేడు. ఎందుకో ఇందులోనే చెబుతాను.

వారు తొలుత గొట్టాలు వేసే బృందానికి పర్యవేక్షకులుగా నియమితులయ్యారు. మనలో బల్లల దగ్గర కూర్చునేవారి కోసం ఒక మాట: వీధుల కింద పోయే గొట్టాల మీద అక్కడక్కడా వాల్వులుంటాయి, ఎక్కడైనా గొట్టం పగిలితే దగ్గరి వాల్వు బిగించి నీళ్ళు ఆపాలి. తారు వేసినప్పుడల్లా వాల్వుల మూతలు కప్పబడిపోతాయి కనుక అవి ఎక్కడున్నాయో తెలిసిన మనిషి ఉండడం కార్యాలయానికి ప్రాణావసరం. వారు ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్ళలో ప్రతి వీధినీ కాలినడకన తిరిగి, ఎవరూ అడగకుండానే, ప్రతి వాల్వునూ వెతికి పట్టుకున్నారు. ఇనుప కడ్డీ ఒక కొస నేలకు, మరో కొస చెవికి ఆనించి, ఎక్కడ నీరు కారుతోందో చెప్పగల దిట్ట వారు. ఒకసారి పెద్ద ఇంజినీరుగారు కొత్త యంత్రం తెప్పించి గంటసేపు దాని మీటలు తిప్పుతూ ఉంటే, వారు కడ్డీ ఆనించి విని, "యంత్రం పాపం దాని పని అది చేసుకుంటుంది లెండి, మనం ఇక్కడ తవ్వుదాం," అన్నారట. తవ్వితే నీళ్ళు పైకి చిమ్మి పెద్ద ఇంజినీరుగారి చొక్కా తడిసిందని పాత ఫిట్టర్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఈ కార్యాలయంలో పటాలకు ఒక క్రమం ఏర్పడిందంటే అది వారి చలవే. కొత్త వాల్వు పడిన రోజే, వారు వీధిలో నిలబడి, అవతలివైపుకీ గీతలు కనబడే పలుచని ట్రేసింగు కాగితం మీద పెన్సిలుతో చిన్న చిత్తు గీసేవారు. ఆ కాగితాన్ని పెద్ద పటం మీద పరచి, గీతలు కలిపి, సిరాతో ఎక్కించడం పటాల విభాగం పని. ఇంత సులువైన పద్ధతిలోనూ తప్పు చేయగల ఘనుడు ఒకడు రెండు వేల ఏడవ సంవత్సరంలో ఆ విభాగంలో చేరాడు. ఆ ఘనుణ్ణి నేనే. పెన్సిలు ఎలా చెక్కాలో, వంపు తిరిగిన వీధిని ఎలా కొలవాలో నాకు నేర్పినవారు వారే. మధ్యాహ్నం తెచ్చుకున్న పెరుగన్నంలో సగం నాకే పెట్టేవారు కూడా.

రెండు వేల ఎనిమిది మార్చి నెలలో ఒక పట్టపగలు, పద్నాలుగో నంబరు పటంలోని ఇరుకు వీధిలో పెద్ద గొట్టం పగిలింది. పటంలో వాల్వు వీధికి ఎడమపక్కన ఉంది. బృందం మూడు గంటలు ఎడమపక్క తవ్వింది, వాల్వు దొరకలేదు. ఈలోగా పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలోకి మోకాలి లోతు నీళ్ళు చేరి, బడి పిల్లల పుస్తకాలు వేలకొద్దీ తడిసి ముద్దయ్యాయి. ఆనాడు వారు సెలవులో ఉన్నారు. కబురు తెలిసి పరుగున వచ్చి, "ఎడమేంటయ్యా, కుడి!" అని అరిచి, స్వయంగా గునపం పట్టి పది నిమిషాల్లో వాల్వు బయటపెట్టి బిగించారు. విచారణ జరిగింది. క్షేత్రంలో చిత్తు గీసినవారే పొరపడి ఉంటారని నివేదిక తేల్చింది. వారిని ఊరి చివరి శుద్ధి కేంద్రానికి మూడేళ్ళు పంపారు. రావలసిన పదోన్నతి ఆగిపోయింది, మళ్ళీ వచ్చింది నాలుగేళ్ళ తరువాతే. కార్యాలయంలో వారికి 'ఎడమ సారు' అన్న బిరుదు మాత్రం ఆ వారమే వచ్చేసింది. ఆ బిరుదును మనమందరం వాడాం. టీ బల్ల దగ్గర నేనూ వాడాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నవ్వుతూనే వాడాను.

ఇంతవరకూ దస్త్రాల్లో ఉన్నది. ఇక లేనిది వినండి.

వారి చిత్తు సరిగ్గానే ఉంది. ఆ చిత్తులో అక్షరాలు లేవు. వీధి రెండు అంచులు, మధ్య గొట్టం, పక్కన వాల్వు గుర్తుగా ఒక సున్నా, అంతే. నేను ఆ పలుచని కాగితాన్ని తిరగేసి పటం మీద పరిచాను. కుడి ఎడమైంది. గొట్టం పగిలిన మర్నాడే సొరుగు తెరిచి చూసుకుంటే నా తప్పు నాకు తెలిసింది. విచారణాధికారి నన్ను పిలిచి, "చిత్తు ఉందా?" అని అడిగారు. అది అప్పుడు నా చొక్కా జేబులో ఉంది. "దొరకలేదండి," అన్నాను. ప్రొబేషను పూర్తి కావడానికి నాకింకా అయిదు నెలలున్నాయి. ఈ మాట సమర్థనగా రాయడం లేదు. అబద్ధం ఎంత చిన్న కారణానికి ఆడానో మీకు తెలియాలని రాస్తున్నాను.

శుద్ధి కేంద్రంలోనూ వారు చేతులు ముడుచుకు కూర్చోలేదు. వడపోత తొట్ల శుభ్రతకు వారు వేసిన పట్టికనే నేటికీ అక్కడివారు పాటిస్తున్నారు. తిరిగి వచ్చాక మరో పద్నాలుగేళ్ళు, ఊరు రెండింతలైనా, ఒక్క వాల్వు తప్పిపోకుండా చూశారు. ఈ కాలంలో వారు నాకు పంపిన ప్రతి చిత్తుకూ పైన కుడి మూల చిన్న టిక్కు గుర్తు ఉండేది. అలవాటు కాబోలు అనుకున్నాను.

ఈ వసంతంలో వివరాల సేకరణ పేరుతో వరుసగా మూడు ఆదివారాలు వారింటికి వెళ్ళాను. ఇల్లు సత్రంలా ఉంది. పదవీ విరమణ దగ్గరపడుతోందని చుట్టాలు ఒక జట్టు వెళుతుంటే మరో జట్టు దిగుతోంది. గుమ్మం దగ్గర చెప్పుల్లో నావి ఏవో వెతుక్కోవలసి వచ్చింది. వారు మాత్రం పెరట్లో టమాటా, బీన్సు మళ్ళు తవ్వుతూ కనిపించారు. అయిదేళ్ళ మనవరాలు వారి ఎడమ చేతికి ఎర్ర రిబ్బను కట్టింది.

"తాతయ్యా, ఇది ఎడమ. మళ్ళీ మర్చిపోకు!" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. వారూ నవ్వారు. నేను తేలు కుట్టిన దొంగలా గులాబీ కుండీ వైపు చూస్తూ నిలబడ్డాను.

వారి సతీమణి నన్ను మొదటి రోజునుంచీ తమ్ముడూ అని పిలుస్తారు. ఆ వరసన వారి కుమార్తెకు మావయ్యనయ్యాను. ఆ సాయంత్రం ఆ అమ్మాయి గేటుదాకా సాగనంపింది.

"మావయ్యా, నాన్న గురించి బాగా రాయండి. ఆ ఎడమ గోల మాత్రం రాయకండేం. పైకి నవ్వేస్తారు గానీ, ఎవరైనా ఆ మాటన్న రోజు రెండు ముద్దలు తక్కువే తింటారు. నా చిన్నప్పుడు శుద్ధి కేంద్రం నుంచి రాత్రయ్యాక వచ్చి, నిద్రపోతున్న నన్ను చూసి పడుకునేవారట. పొరపాటు ఎవరు పడరు చెప్పండి?"

ఇంటికెళ్ళి వ్యాసం మొదలుపెట్టాను. 'ఉద్యోగ జీవితంలో ఎదురైన ఒడుదొడుకులను ధీరోదాత్తులై అధిగమించారు' అని కర్ర విరగకుండా, పాము చావకుండా ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం చాలా బాగుంది. చదువుకుంటే నా మీద నాకే రోత పుట్టి, చించేశాను.

రెండో ఆదివారం వెళ్ళేసరికి వారు నా చేతిలో ఒక ట్రేసింగు కాగితం పెట్టారు.

"మా ఆవిడకి తమ్ముడివంటే నాకు బావమరిదివి. బావమరిది ఊరికే కూర్చోకూడదు. తోటలో నీళ్ళ గొట్టాలు ఎటెటు పోతున్నాయో గీశా. శుభ్రంగా ఇంకో కాపీ తీసిపెట్టు."

తోట చిత్తుకూ పైన కుడి మూల టిక్కు ఉంది.

"ఈ గుర్తు ఎందుకు పెడతారు సార్? ఇన్నేళ్ళనుంచీ చూస్తున్నాను."

వారు గునపం పక్కన పెట్టి నుదురు తుడుచుకున్నారు. "కాగితం ఏ ముఖం పైకి ఉండాలో తెలియడానికి. నీకోసమే మొదలెట్టా."

"అంటే మీకు..." అన్నాను.

"ఆ వారమే తెలిసింది. కుడిపక్క గీసింది నేను. పటంలో ఎడమపక్కకొచ్చింది. కాగితం తిరగబడితే తప్ప అలా రాదు. విచారణలో అదే చెప్పా. చిత్తేదీ అన్నారు. పటాలవాళ్ళ దగ్గరుంటుందన్నా. నువ్వేమో దొరకలేదన్నావు."

"తర్వాతైనా నన్ను అడగాల్సింది సార్."

"అడగడమెందుకయ్యా? భయపడ్డావు, సర్దుకున్నాక నువ్వే వస్తావనుకున్నా. ఓ నెల చూశా. ఏడాది చూశా. శుద్ధి కేంద్రంలో మూడేళ్ళూ చూశా. తిరిగొచ్చాక చూడటం మానేసి, టిక్కు పెట్టడం మొదలెట్టా."

"సంచికలో రాస్తాను సార్. అందరూ చదివేలా రాస్తాను."

"రాయి. ఇంట్లోవాళ్ళూ అందులోనే చదువుకుంటారు. కానీ నన్ను దేవుణ్ణి చెయ్యకు. ఆ మూడేళ్ళూ నిన్ను తిట్టుకోని రోజు లేదు. క్షమించేశానని కూడా రాయకు, ఇంకా ఆలోచించలేదు. ముందు ఆ కాపీ పూర్తి చెయ్యి, మొక్కలు వాడిపోతున్నాయి."

కాపీ పూర్తి చేశాను. పైన కుడి మూల టిక్కు పెట్టాను. వారు దాన్ని వెలుతురుకు పట్టి రెండు వైపులా చూసి, జేబులో పెట్టుకున్నారు. మూడో ఆదివారం వెళ్ళేటప్పటికి గొట్టాలు వేసేశారు. నీళ్ళు ప్రతి మడికీ అందుతున్నాయి.

సహోద్యోగులారా, పదిహేడేళ్ళు దాచిన ఆ చిత్తు కాగితాన్నీ, నా వాంగ్మూలాన్నీ ఈ వ్యాసంతో పాటే మన అధికారిగారికి అందజేశాను. అధికారిగారు ఏ చర్య తీసుకున్నా నాకు సమ్మతమే. పద్నాలుగో పటంలో వాల్వును ఆనాడే దిద్దారు గానీ, తప్పు ఎవరిదో దిద్దలేదు. ఈ నెల పదిహేడున ఆ పటం అంచున నా సంతకంతో అదీ రాశాను. 'ఎడమ సారు' అన్న పిలుపును ఇకనుంచి మానుకోవలసిందిగా మీ అందరినీ ప్రార్థిస్తున్నాను. అది వారిది కాదు. కావాలంటే నన్ను పిలవండి, పలుకుతాను.

అక్కయ్యగారూ, మీరు తమ్ముడూ అని పిలిచిన ప్రతిసారీ పలికాను. ఇకమీద పిలిచినా, మానినా అది మీ ఇష్టం. అమ్మాయీ, ఆ గోల రాయవద్దన్నావు. నీ మాట తప్పాను. మీ నాన్నగారు పొరపాటు పడలేదని నీకు తెలియడానికి నాకు వేరే దారి కనిపించలేదు. నువ్వు నిద్రపోయాక ఆయన ఇల్లు చేరిన ఆ మూడేళ్ళను తిరిగి ఇవ్వగల శక్తి నాకు లేదు.

నేల కింది నీటి చప్పుడును విని ఊరి దాహం తీర్చిన ఈ పెద్దమనిషి, ఇకమీద తన పెరటి మొక్కల ఎదుగుదలను తీరిగ్గా చూసుకుంటూ, సతీమణితో, బిడ్డలతో, వచ్చిపోయే బంధుజనంతో ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, ఏ పూటా రెండు ముద్దలు తగ్గకుండా తృప్తిగా భుజించాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాను.

చివరగా, ఈ వ్యాసాన్ని ఎవరైనా చదివి వినిపిస్తే వినబోయే చిన్నారికి ఒక మాట. తల్లీ, మీ తాతయ్యకు కుడి ఏదో, ఎడమ ఏదో ఎప్పుడూ తెలుసు. ఆ ఎర్ర రిబ్బను విప్పి ఉంచు. ఈసారి వచ్చినప్పుడు నా చేతికి కడుదువుగాని.