పంపు బాబాయ్ మంటలో తిరిగొచ్చిన వైనం

దేవుడు అందరికీ కొలిచి నోరిచ్చాడు. పంపు బాబాయ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన చెయ్యి కాస్త జారింది. ఆ జారినదానికి బాబాయ్ రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు, అదీ నలుగురు వింటుండగా.

ఆయన పనిచేసే ప్రయోగశాలలో లారీ ట్యూబు ఆకారంలో ఒక ఉక్కు డొల్ల ఉంది. అందులోని గాలంతా లాగేసి, చిటికెడు గ్యాసు వదిలి, దాన్ని సూర్యుడి కడుపుకన్నా వేడెక్కిస్తారు. అంత మంటను ఏ గిన్నె మోస్తుంది? అందుకని చుట్టూ అయస్కాంతాలు పెట్టి, గోడకు తగలకుండా నడిమధ్యన నిలబెడతారు. గాలి లాగే పంపులకు నూనె మార్చడం, బెల్టులు బిగించడం, మొరాయిస్తే బుజ్జగించడం బాబాయ్ పని. యంత్రంలోంచి లాగిన గాలి ఎక్కడికీ పోదని, మళ్ళీ ఈయన నోట్లోంచే వస్తుందని క్రేను డ్రైవరు అంటూంటాడు. ఇద్దరిదీ ఒకే ఈడు. బావా అంటే బావా అనుకుంటారు, చుట్టరికం మాత్రం లేదు.

ఇప్పుడు యంత్రం ఆపి బాగు చేస్తున్నారు. లోపలి గోడకున్న పాత బొగ్గు పలకలు పీకి టంగ్‌స్టన్ పలకలు బిగించారు. ఇక ముందు మనిషి దూరే పని లేకుండా ఒక రోబో చెయ్యి తెచ్చి పెట్టారు. రేపు ఇద్దరు మనుషులు చివరిసారి లోపలికి దిగి, దుమ్ము తుడిచి, బోల్టులు తడిమి చూసి వస్తారు. ఆ తర్వాత తలుపు మూస్తే మనిషన్నవాడు దాని కడుపు చూడడం ఉండదు. ఇద్దరిలో ఒకడు వెల్డరు, అది ఖాయం. రెండోవాడెవరో టీ వేళకి చెబుతానంది ఇంజనీరు మేడమ్.

ఆ రెండో చోటు బాబాయ్‌కి కావాలి. ఉద్యోగమంతా ఆ తలుపు బయటే గడిచింది, సినిమా హాలు బయట సైకిళ్ళు కాసినవాడిలాగ. మాటలు కోటలు దాటాయి గాని కాళ్ళు ఆ గడప దాటలేదు. నోరు తెరిచి అడుగుదామంటే, అన్నిటికీ తెరుచుకునే ఆ నోరు దీనికి మాత్రం తెరుచుకోలేదు. అడక్కుండా ఇవ్వాలంటే తనెంతవాడో మేడమ్ చెవిన పడాలి. ఆవిడ క్యాంటీను వరండా చివర కాగితాలు తిరగేస్తూ టీ తాగుతోంది. టీకి చేరిన క్రేను డ్రైవరూ వెల్డరూ పక్కన ఉండగా, బాబాయ్ బెంచీ మీద అటువైపు జరిగి, గొంతు ఒక మెట్టు పెంచాడు.

మొదలు చిన్నదే. యంత్రం ఆపకముందు పెద్ద వాల్వు దగ్గర లీకు దొరికింది కదా, అది దొరికింది తన చెవికేనన్నాడు. జాయింటు జాయింటుకీ హీలియం ఊదారట, లీకు పట్టే మిషను ముల్లు కదల్లేదట. తను కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని చెవి ఆనిస్తే సుయ్‌మందట.

"మా ఆవిడ పక్కగదిలోంచి పిలిస్తే వినపడని చెవి ఇది, ఒప్పుకుంటాను. కాని వెంట్రుక దూరని సందులో గాలి దూరుతుంటే వినపడింది. వేలు పెట్టి మూశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేలు పోయింది. పోవడమంటే తెగిపోవడం కాదు, లోపలికి పోయింది. వేలి వెనకాల మణికట్టు, మణికట్టు వెనకాల మోచెయ్యి. గాలి లేని చోటంటే పస్తున్నవాడి కడుపు లాంటిది, ఏది అందితే అది లాగుతుంది, మనిషా మేకా అని చూడదు."

ఈ పొట్ట ఆ సందులో ఎలా పట్టిందన్నయ్యా అని గ్లాసులు కడుగుతూ అడిగింది టీ అక్క. బాబాయ్ పొట్ట నిమురుకుని, చిక్కంతా దానితోనే వచ్చిందన్నాడు. తల వెళ్ళింది, భుజాలు వెళ్ళాయి, ఇది మాత్రం అలిగిన అల్లుడిలా గడప దగ్గర కూర్చుని రానంటే రానందట. చివరికి ఊపిరంతా వదిలేస్తే, సూదిలోకి దారంలా సర్రున దూరిపోయిందట.

తను లోపలున్నట్టు కంట్రోలు రూములో ఎవరికీ తెలియదు, వాళ్ళు బటను నొక్కేశారట. మంట లేచింది. మరి కాలలేదా అని వెల్డరు అడిగాడు, వాడికి కాలడమంటే ఏమిటో తెలుసు కాబట్టి. మంటంటే కోపం, అంతే కదా అన్నాడు బాబాయ్. ఇన్నేళ్ళు కాపురం చేసినవాడికి కోపం కొత్తా? పైగా రక్తం తక్కువని డాక్టరు ఐరన్ మాత్రలు రాశాడు, ఒంట్లోని ఆ ఐరన్‌ని అయస్కాంతాలు ఒడిసి పట్టుకుని, మంటతోపాటు తననీ గోడకు తగలకుండా గిర్రున తిప్పాయట.

"తిరుగుతున్నానా, ఇంతలో మంట పక్కకి ఒరిగింది. ఒరిగితే గోడ కరుగుతుంది, గోడ కరిగితే మనందరి ఉద్యోగాలూ కరుగుతాయి. వీపు ఆనించి, దారి తప్పిన గేదెను తోలినట్టు తోలుకుంటూ మధ్యకి తెచ్చాను. అవతల శాస్త్రవేత్తలు మంట ఇంతసేపు నిలిచిందని చప్పట్లు కొట్టుకుంటున్నారు, కౌగిలించుకుంటున్నారు. నేను అయ్యా నేనిక్కడున్నానని అరుస్తున్నాను. గాలి లేనిచోట అరుపెలా వినపడుతుంది? నేను మాట్లాడితే ఎవరూ వినని చోటు నా జన్మలో అదొక్కటే చూశాను."

టీ అక్క పొంగిపోతున్న పాలు దించడం మరిచిపోయింది. అందరూ కడుపు పట్టుకుని నవ్వుతుంటే క్రేను డ్రైవరు మాత్రం బీడీ వెలిగించుకుని, అంతా బాగుంది గాని సాక్ష్యమేదీ బావా అన్నాడు.

బాబాయ్ ఓరకంట చూశాడు. వరండా చివర మేడమ్ కాగితాలు దించి, ఇటే వింటోంది. ఇంతకు మించిన సమయం దేవుడివ్వడనుకున్నాడు.

"సాక్ష్యం కావాలా? పాత పలకలు పీకినప్పుడు ఒకదాని మీద చేతి అచ్చు కనపడింది. ఐదువేళ్ళూ. ఎవరిదో ఇప్పటిదాకా తేలలేదు కదూ? తిరిగి తిరిగి ఆగడానికి గోడ పట్టుకున్నాను. అది ఈ చెయ్యే." చెయ్యి పైకెత్తి చూపించాడు.

ఎవరూ నవ్వలేదు. ఆ అచ్చు సంగతి అక్కడ తెలియనివాళ్ళు లేరు. ఒకసారి బాగు చేయడానికి లోపలికి దిగినవాళ్ళెవరో గ్లవ్సు తీసి గోడ ముట్టుకున్నారు. చేతి జిడ్డు వేడికి ఆవిరై మంటను పాడు చేస్తుంది. ఆ ఏడాది మంట వెలిగించిన ప్రతిసారీ ఆరిపోయింది. మేడమ్ మనుషులు నిద్రాహారాలు మాని వెతికారు, ముందు పంపుల్ని తిట్టారు, తర్వాత అయస్కాంతాల్ని, ఆ తర్వాత ఒకళ్ళనొకళ్ళు. తీరా గోడ విప్పితే చెయ్యి కనపడింది.

మేడమ్ గ్లాసు పట్టుకుని లేచి వచ్చింది. గొంతులో కోపం లేదు, అదే బాబాయ్‌ని భయపెట్టింది.

"పంపు బాబాయ్ గారూ, ఆ చెయ్యి మీదేనా? మీదైతే చెప్పండి, నేనేమీ అనను. కాని ఉత్త చేత్తో గోడ ముట్టుకున్న మనిషిని కొత్త పలకల దగ్గరికి పంపలేను. మీది కాకపోతే రేపు రెండో మనిషి మీరే. నిన్ననే అనుకున్నాను."

నిన్ననే. అంటే ఈ మంటలూ ఈ తిరుగుళ్ళూ ఏవీ అక్కర్లేదు, ఊరికే టీ తాగి కూర్చున్నా సరిపోయేది. బాబాయ్ ఎత్తిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని మెల్లగా దించి జేబులో పెట్టుకున్నాడు. విన్నవాళ్ళంతా మర్యాదకి ఎవరి గ్లాసులోకి వాళ్ళు చూసుకుంటున్నారు.

"నాది కాదు మేడమ్," అన్నాడు. "నేనెప్పుడూ లోపలికి తొంగి కూడా చూడలేదు."

బిరడా ఊడింది, ఇక ఆగలేదు. లీకు పట్టింది చెవి కాదు, మిషనే. ముల్లు మొదటిసారే కదిలింది. తను హీలియం సిలిండరు మాత్రం తోసుకొచ్చాడు. తొయ్యడం కూడా మలుపు దాకానే, మిగతాది వెల్డరు తోశాడు. ఇందాక అబద్ధం ఎలా పెరిగిందో ఇప్పుడు నిజంలో తన వాటా అలా తరుగుతూ పోయింది, కాసేపు వదిలేస్తే ఉద్యోగమే చెయ్యడం లేదనేలా ఉన్నాడు.

"మరి ఐరన్ మాత్రలు?" అంది టీ అక్క.

"అవి నిజమేనమ్మా."

మేడమ్ పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. పొద్దున్నే రమ్మని, ఉంగరం, వాచీ ఇంట్లో పెట్టి రమ్మని, తలకి నూనె రాసుకోవద్దని చెప్పి వెళ్ళిపోయింది. బాబాయ్ కళ్ళు చెమర్చాయి. పైకి చూసి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు, ఈసారి ఎవరికీ వినపడకుండా.

క్రేను డ్రైవరు బీడీ నలిపేసి పక్కన కూర్చున్నాడు.

"రేపు నిజంగానే వెళ్ళొస్తావన్నమాట. వచ్చి మాకేం చెబుతావు బావా?"

"చూసింది చూసినట్టు చెబుతాను."

"చూసింది చూసినట్టా? అలాంటివి మా ఇళ్ళల్లో బోలెడున్నాయి. వాటి కోసం టీ ఎవడు చల్లార్చుకుంటాడు?"

టీ అక్క కూడా అవునన్నట్టు తలూపింది. బాబాయ్ మాత్రం జన్మంతా ఎదురుచూసిన తలుపు తెరుచుకోబోతుంటే, అవతల ఉన్నది దుమ్మూ బోల్టులేనని ఇప్పుడే గుర్తొచ్చినవాడిలా కూర్చున్నాడు. ఆ తర్వాత వెల్డరు వైపు వంగి, లోపల ఎలా ఉంటుందిరా అబ్బాయ్ అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఏముంది బాబాయ్, చీకటిగా ఉంటుంది. మోకాళ్ళ మీద పాకాలి."

బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎంత చీకటి?" అన్నాడు.