ఢిల్లీకి తరుగు తీసిన దేవేందర్

అబద్ధమాడినా అతికినట్టుండాలని పెద్దలంటారు. దేవేందర్ ఆ బాధ ఎన్నడూ పెట్టుకోలేదు. అతకని చోట ఇంకో అబద్ధం మాసిక వేసి కుట్టేసేవాడు. కోరుట్ల చుట్టుపక్కల ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. తెలిసి కూడా వినేవాళ్లు కావలసినంత మంది.

ఊరి వడ్ల కొనుగోలు కేంద్రం జగిత్యాల రోడ్డు పక్కన ఉంటుంది. దాని ఎదురుగానే జోహరా బీ చాయ్ బండి. యాసంగి పంట వడ్లు తెచ్చి కేంద్రం ముందు పోసి ఆ రోజుకు పదహారు రోజులు. పొద్దున ఆరబోయడం, కాళ్లతో కలియదున్నడం, సాయంత్రం కుప్ప చేసి పరదా కప్పడం, ఆ కుప్ప పక్కనే పడుకోవడం. దేవేందర్, అతని భార్య జమున పదహారు రోజులూ అదే పని చేశారు. చివరికి ఆ పొద్దున తూకానికి వాళ్ల సీరియల్ నంబరు వచ్చింది. దానితో పాటే పడమటి దిక్కున మబ్బు కూడా వచ్చింది.

సీరియల్ వచ్చిన సంతోషం పావుగంట కూడా నిలవలేదు. కేంద్రం చూసుకునే హరీశ్ తూకం కాంటా దగ్గర నిలబడి పిడికెడు వడ్లు ఎగరేసి చూశాడు.

"తాలున్నది దేవన్నా. మిల్లోళ్లు ఒప్పుకుంటలేరు. నలభై కిలోల సంచికి నలభై మూడు పెట్టాలె, మూడు కిలోలు తరుగు. ఇష్టం లేకపోతె కుప్ప పక్కకు జరుపుకో, ఎనుకోళ్లది కాంటా పెడ్త."

తాలంటే గింజ పట్టని పొల్లు. దేవేందర్ వడ్లలో అది లేదు. రెండుసార్లు తూర్పార పట్టిన వడ్లవి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ మబ్బును చూశాడు, నిలబడి ఉన్న లారీని చూశాడు, "సరే" అన్నాడు. అన్నాక జమున మొహంలోకి చూడలేక, ఆమెనూ హమాలీలనూ కాంటా దగ్గర వదిలేసి, చాయ్ బండికి వచ్చి కూర్చున్నాడు.

బెంచీ మీద అప్పటికే ఇద్దరున్నారు. ఒకడు లారీ డ్రైవర్ సోహైల్, సిరిసిల్ల పిల్లవాడు, లారీ నిండేదాకా పని లేక కూర్చున్నాడు. రెండోవాడు జగన్మోహన్ రావు. ఒకప్పుడు వాళ్లది ఆ ఊరి దొరల ఇల్లు. ఇప్పుడు సగం భూమి అమ్మి కోరుట్లలో ఫంక్షన్ హాల్ కట్టుకున్నాడు, మిగతా సగం కౌలుకిచ్చాడు. చేతిలో పేపర్ లేనిదే ఆయనకు చాయ్ దిగదు.

"చూసినవా దేవేందర్," అన్నాడు రావు, పేపర్ మీంచి కళ్లెత్తకుండా. "దేశం సంపాదనల ఎవుసం వాటా ఆరో వంతంట. మిగతాదంత కంపెనీలు, సాఫ్ట్‌వేర్, బ్యాంకులు. జనమేమో సగం మంది ఎవుసం మీదనే పడ్డరు. గిట్లయితె దేశం ముంగటికెట్ల పోతది? ఊకె చెప్పుడు గాదు గని, మీరంత దేశానికి బరువయ్యా."

వేరే రోజైతే దేవేందర్ నవ్వి ఊరుకునేవాడు. ఆ రోజు ఒళ్లు భగ్గుమంది. సరిగ్గా అప్పుడే రోడ్డవతల కాంటా మీద సంచి ఒకటి దభీమని పడింది.

"గది పాత లెక్క రావు సాబ్," అన్నాడు. "పోయినేడు యాసంగిల నేను నాలుగెకరాలు ఏసిన. ఎకరానికి ముప్పై క్వింటాళ్లు దిగింది. గది మీ పేపర్ల రాలే."

"ముప్పయ్యా?" అన్నాడు సోహైల్. "మా వీర్నపల్లి దిక్కు ఇరువై ఐదు దాటితెనే దావత్ చేసుకుంటరన్నా."

"ముప్పై అన్ననా? తప్పు చెప్పిన. ముప్పై దిగింది ఒక్క మడిలనే. మిగతాది ఎవ్వలు తూకమెయ్యలే, తూకం రాళ్లు సాలలే. ఎన్ను ఎట్లున్నదనుకున్నవ్? కర్ర మోయలేక నేల మీద పండుకున్నది, నేను పొయ్యి ఒక్కొక్క దానికి కట్టె పాతి నిలవెట్టిన. కోత మిషన్ పిలిపిచ్చిన. పది అడుగులు పోయిందో లేదో డబ్బా నిండింది. డ్రైవర్ కిందికి దిగి నా రెండు చేతులు వట్టుకున్నడు. 'అన్నా, దీన్ని మొన్ననే పెండ్లిపిల్ల లెక్క తెచ్చుకున్న, నీ మడిల సంపుకోలేను' అని ఏడ్చుకుంట పోయిండు. అటెన్క ఏమైందో ఎర్కేనా? కొడవలితోని నేనే కోసిన. ఒక్కన్నే."

"నాలుగెకరాలు ఒక్కనివే?" అన్నాడు రావు.

"పొద్దటి పూట. పగటి పూట వేరే పనుండె."

జోహరా బీ చాయ్ గ్లాసు అతని ముందు పెట్టింది. ముప్పై ఏళ్లుగా ఆ రోడ్డు మీద చాయ్ పోస్తున్న మనిషి. ఎవరి మాటకూ అడ్డురాదు, ఎవరి మాటనూ మరిచిపోదు.

"కుప్ప పోసినం," దేవేందర్ ఆగలేదు. "ఎంతెత్తు పోసినమంటె, గీ మబ్బులున్నయ్ సూడు, గివి అచ్చి నా కుప్పకు తట్టుకొని ఆగిపోయినయ్. గా పక్కకు వెల్గటూర్ల వాన, గీ పక్కకు మనకు ఎండ. నెల దినాలు గంతే. కోనరావుపేటోళ్లు బండ్లు కట్టుకొని కొట్లాటకచ్చిన్రు. 'దేవేందర్, మా మబ్బు మాకియ్యి, నార్లు ఎండుతున్నయ్' అని. 'నేనేమన్న కట్టేసుకున్ననా, తీస్కపోండ్రి' అన్న. నిచ్చెనలేసుకొని ఎక్కి, పరదా గుంజినట్టు గుంజుకపోయిన్రు. ఇగ సంచులు! గన్ని వడ్లకు సంచులేడ దొరుకుతయ్? సిరిసిల్లల మగ్గాలన్ని చీరలు బంద్ వెట్టి నాకు సంచులు నేసినయ్. మూడు నెలలు. ఆడోళ్లు కొత్త చీరల్లేక పాత చీరలే కట్టుకొని పండుగ చేసుకున్నరు, నాకోసం."

"మా నాయినది మగ్గమే అన్నా," సోహైల్ తల గోక్కున్నాడు. "గీ ముచ్చట ఇంట్ల ఎన్నడు చెప్పలే."

"మీ నాయినకు చెప్ప తీరిందా? నేసుట్లనే ఉండె పాపం. అటెన్క లారీలు వెట్టినం. ముంగటి లారీ కాకినాడ రేవుల సంచులు దించుతున్నది, ఎనుక లారీ ఇంక గీడ జోహరమ్మ కాడ చాయ్ తాగుతున్నది. గంత పొడుగు లైను."

"గన్ని గ్లాసులు నాకాడ లేవు బేటా," అంది జోహరా బీ.

"గందుకే గా దినం సగం సగం పోసినవ్, యాది చేసుకో."

కాంటా మీద మళ్లీ దభీమని చప్పుడు. హరీశ్ గొంతు ఇక్కడిదాకా వినిపించింది. "నలభై మూడు! కుట్టు!" దేవేందర్ ఆ మాట వినబడనట్టు గొంతు పెంచాడు.

"అటెన్క ఏమైందో ఎర్కేనా? ఢిల్లీకెల్లి ఫోన్!"

"హిందీలనా?" అన్నాడు రావు.

"తెలుగుల. నాకోసం నేర్చుకున్నరు. 'దేవేందర్ గారూ, మీ వడ్లు అచ్చిన కాన్నుంచి దేశం లెక్కలు తలకిందులైనయ్. డాలర్ కింద పడ్డది, మన రూపాయి దాని మీదెక్కి కూసున్నది, దిగుమంటె దిగుతలేదు. మీరొక్కపారి అచ్చి మా ఆర్థిక వ్యవస్థను చూసి పోవాలె' అన్నరు. విమానం పంపుతమన్నరు. 'పొద్దుగూకె వరకు దింపుతమంటెనే అస్త, మడికి నీళ్లు వెట్టేదున్నది' అన్న."

"ఆర్థిక వ్యవస్థను చూసుడేందయ్యా, అదేమన్న బర్రెనా?"

"కుప్ప, రావు సాబ్! కుప్ప!" దేవేందర్ బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. "పెద్ద మైదానం. దేశంల ఉన్న సంపాదనంత తెచ్చి గాడ పోసిన్రు. కంపెనీలు ఒక దిక్కు, షేర్లు ఒక దిక్కు, మీ ఫంక్షన్ హాల్ సుత ఓ మూలకున్నది, నేను గుర్తువట్టిన. సూట్లు బూట్లు ఏసుకున్న పెద్ద సార్లు చేతులు కట్టుకొని నిలవడ్డరు. 'కాంటా పెట్టుండ్రి, మాది ఎంత పెద్ద దేశమైందో కాయితం రాసియ్యుండ్రి' అన్నరు. నేను తొందరపడలే. చెప్పులిడిసిన. మోచేతి దాక కుప్పల చెయ్యి వెట్టిన. రెండు గింజలు తీసి పండ్ల కింద వెట్టి కొరికిన. టక్కుమనాలె కద? అనలే. మెత్తగ ఒత్తుకపోయింది. 'తేమున్నది సార్లూ' అన్న. మిషన్ వెట్టి చూసిన్రు, ఇరువై ఆరు శాతం, పదిహేడు దాటద్దు కద. 'ఎండబెట్టుండ్రి' అన్న."

సోహైల్ నవ్వాడు. రావు కూడా నవ్వబోయి, దేవేందర్ మొహం చూసి ఆగాడు.

"ఎండబెట్టిన్రు. సూట్లు మోకాళ్ల దాక మడిసి, కాళ్లతోని కలియదున్నిన్రు. ఎండకు ఏసీలు లేవు, గొడుగులు లేవు. మాపటికి కుప్ప చేసిన్రు. పరదా కప్పిన్రు. దాని పక్కకే పండుకున్నరు. దోమలు కుట్టినయ్. ఇంటికి పోతె ఎవలన్న ఎత్తుకపోతరని భయం, ఉంటె వానొస్తదని భయం. 'దేవేందర్ గారూ, ఇంకెన్ని దినాలు?' అని అడిగిన్రు. 'మీ సీరియల్ రానియ్యుండ్రి' అన్న. పదహారు దినాలు పండవెట్టిన సార్లను! పదహారు!"

చేతికి అందుకున్న చాయ్ గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు.

"పదిహేడో నాడు తూర్పార పట్టుమన్న. చాటలతోని ఎత్తి గాలికి ఇడిసిన్రు. షేర్లు లేసినయ్, పొట్టు లెక్క పోయినయ్. కంపెనీల పేర్లు పోయినయ్. మీ ఫంక్షన్ హాల్, చెప్పద్దు గని రావు సాబ్, గాలి రాకముందే లేసింది. గాలి ఆగినంక కిందికి చూసిన్రు. ఏమున్నది? వడ్లున్నయ్. మక్కలున్నయ్. మన పసుపు కొమ్ములున్నయ్. ఆరో వంతే, రావు సాబ్, మీరు చెప్పింది నిజమే. గని నేల మీద మిగిలింది గదే. మిగతా ఐదు వంతులు మూడు పూటల తిన్నది గా ఆరో వంతునే. ఎవలు ఎవలికి బరువో గప్పుడు తెలిసింది వాళ్లకు."

రావు పేపర్ మడిచి పక్కన పెట్టాడు.

"అటెన్క నా తీర్పు చెప్పిన. 'దేశం గింజ మంచిదే. గని తాలెక్కువున్నది. సంచికి మూడు కిలోల తరుగు. ఇష్టం లేకపోతె మీ దేశాన్ని పక్కకు జరుపుకోండ్రి, ఎనుక ఇంకో దేశం ఉన్నది' అన్న. ఢిల్లీ గజగజ వణికింది. ఒక్కలన్న మాట్లాడుతె ఒట్టు. తల వంచుకొని 'సరే' అన్నరు!"

స్టవ్ మీద పాలు పొంగబోతుంటే జోహరా బీ గిన్నె దించింది. కొంగుతో చేయి తుడుచుకుంది.

"ఢిల్లీకి మూడు కిలోల తరుగు తీసినవ్. మంచిగనే ఉన్నది బేటా," అంది మెల్లగా. "మరి గా హరీశ్ పోరడు నీకు మూడు కిలోలు తీస్తాంటె, సరే అని ఎందుకచ్చినవ్?"

ఎవరైనా నవ్వితే బాగుండేది. నవ్వితే దాని మీద ఇంకో కోత కోసి ఒడ్డున పడేవాడు. ఎవరూ నవ్వలేదు. దేవేందర్ నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ వెతికాడు, ఒక్క అబద్ధం దొరకలేదు. సిగ్గుతో చెవులు కాలాయి. ఆ సిగ్గు వెనకాలే, పొద్దున మింగిన కోపం పైకి తన్నుకొచ్చింది. చాయ్ అట్లాగే వదిలి రోడ్డు దాటాడు.

కాంటా మీద సంచి ఉంది. జమున దాని మూతి పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు నిండా వడ్ల నుసి. పొద్దుటి నుంచి ఆమె ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

"నలభై మూడు," అన్నాడు హరీశ్. "కుట్టు."

"ఆగు," అన్నాడు దేవేందర్.

"ముచ్చట్లు తర్వాత దేవన్నా. మబ్బు చూసినవా?"

"నలభై కిలోలు. సంచి బరువు ఆర్నూరు గ్రాములు. గంతే పెట్టు."

యాభై ఏళ్ల బతుకులో అతని నోట పెరగకుండా తరగకుండా ఉన్నదున్నట్టు వచ్చిన లెక్క అదొక్కటే. హమాలీలు సూది ఆపి అతని మొహం వంక చూశారు.

హరీశ్‌కు కోపమొచ్చింది. "గట్లయితె జరుపుకో. లారీ పోతది. వానకు మొలకలచ్చినంక నా కాడికి రాకు."

"మొలిస్తె నా కుప్పల మొలుస్తయ్. తాలున్నదంటివి కద, జల్లెడ తే. అందరి ముంగట పట్టు. తాలెల్లితె మూడు గాదు, ఆరు తీస్కో. ఎల్లకపోతె, పొద్దుగాల సంది కాంటా అయిన ఇరువై ఆరు సంచులు దించి మళ్లీ తూకమెయ్యి."

పక్క కుప్పల దగ్గర పడుకున్న రైతులు ఒక్కొక్కరే లేచి వచ్చారు. కాంటా చుట్టూ నిలబడ్డారు. సోహైల్ కూడా వచ్చాడు. "లారీ నిండకుంట యాడికి పోతది సార్?" అన్నాడు. హరీశ్ అందరి వంకా చూశాడు. జల్లెడ కేంద్రం గదిలోనే ఉంది. అది తేవడానికి మాత్రం కదల్లేదు.

జమున ఎవరి మాట కోసమూ ఆగలేదు. సంచి మూతిలోకి రెండు చేతులూ దింపి, దోసిలితో వడ్లు తీసి వెనక్కి కుప్పలో పోసింది. నలభై రెండు. మళ్లీ దింపింది. నలభై ఒకటి. తొలి చినుకు ఒకటి కాంటా అద్దం మీద పడి అంకె కనబడకుండా చేసింది. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, నలభై కిలోల ఆర్నూరు గ్రాములు అయ్యేదాకా గింజా గింజా తీసి, హమాలీ వైపు తిరిగింది.

"ఇగ కుట్టుండ్రి," అంది.