దిగిన అడుగులు

అమ్మలారా, అయ్యలారా, డిపో అన్నదమ్ములారా! డ్యూటీ దిగి యూనిఫాం కూడా మార్చుకోకుండా వచ్చారు. వదినా, ముందు వరుసలో మీ పక్క మాస్టారి కుర్చీ ఖాళీగా ఉంది. అటు చూస్తూ మాట్లాడటం నావల్ల కాదు. నాకు కోపం తప్ప మాటలు రావని అందరికీ తెలుసు. అయినా ఇంజిన్లు విప్పే చేతికి మైకిచ్చారు. తప్పులుంటే సర్దుకోండి.

మన పెయింటరు మాస్టారు పోయి ఐదు రోజులైంది. ముప్పై ఏళ్ళు ఈ డిపోలో బస్సుల తుప్పు గీకారాయన. మరి ఇంటికెళ్ళి ఏం చేసేవారు? జానెడు ప్లాస్టిక్ యుద్ధ ట్యాంకు అతికించి, దానికి తుప్పు పూసేవారు! "పగలు వదలగొట్టిన తుప్పును సాయంత్రం ఇంటికి తెచ్చుకుంటారేంటి మాస్టారూ" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేవారు, అంతే.

ఒకసారి ఆయన లోపలికెళ్ళిన సందులో, సరదాపడి నేనే కుంచె తీసుకుని ట్యాంకు పక్కన ఒక తుప్పు చార దించాను. బ్రహ్మాండంగా వచ్చిందనుకున్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "పైన మేకు లేదు, కన్నం లేదు, నీళ్ళు నిలిచే చోటు లేదు. ఈ చార ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?" అన్నారు. రెండు వారాల పని, ఆ పక్కంతా తుడిచేశారు. "కారణం లేని మరక అబద్ధంరా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. బొమ్మకి నిజమేంటి, అబద్ధమేంటి!

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆయన చేసినవి ఇరవై మూడు ట్యాంకులు. ఇరవై మూడూ ఒకే ట్యాంకు! వాళ్ళ అన్నయ్య నడిపిన ట్యాంకు. తొమ్మిదేళ్ళ వయసులో చెప్పుల్లేకుండా పరిగెత్తుకెళ్ళి, దుమ్ము రోడ్డు పక్కన నిలబడి, అన్నయ్య అందులోకి ఎక్కడం చూశారు. ఆ తర్వాత ఇంటికి ఒక కాగితం వచ్చింది, ఆచూకీ లేదని. మనిషి రాలేదు, శవమూ రాలేదు. వాళ్ళమ్మ పోయేదాకా గుమ్మం వైపే చూసిందట.

రబ్బరు ముక్కను బూటు అడుగులా చెక్కి, సూదికి గుచ్చి, ట్యాంకు మీదా, దాన్ని నిలబెట్టిన చెక్క నేల మీదా చల్లిన దుమ్ములో అడుగులు వేసేవారు మాస్టారు. ఎడమ మడమకి చిన్న గాటు. అన్నయ్య బూటుకి అలాగే ఉండేదట. నేల మీంచి పైకి, డ్రైవరు దూరే మూత దాకా. ప్రతిసారీ ఎక్కే అడుగులే! ఒకరోజు ఉండబట్టలేక అరిచాను. "దిగే అడుగులు కూడా వేసెయ్యండి మాస్టారూ, మీ చేతిలో పనేగా!" ఆయన కుంచె కడుక్కుంటూ, "ఎక్కడం చూశాను. దిగడం చూళ్ళేదురా. చూడనిది ఎలా వేస్తాను?" అన్నారు.

ఇరవై మూడోది బల్ల మీదుండగానే ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆ గదికి తాళం వేసింది నేనే. పదకొండు రోజులూ తాళంచెవి నా జేబులోనే ఉంది. ఆయన పోయిన మర్నాడు, ఈ సభకి ఫొటో కావాలని తలుపు తీశాను. కిటికీ గడియ వేసినట్టే ఉంది.

ట్యాంకు మీద దిగే అడుగులున్నాయి.

ఎడమ మడమ గాటుతో సహా! కింద చెక్క నేల మీద ఇంకో జత ఉంది. బూట్లు కావు. చెప్పుల్లేని కాళ్ళు, మినపగింజంతవి, ఐదేసి వేళ్ళతో. అలాంటి అచ్చు ఆయన పెట్టెలో లేదు, మూడుసార్లు వెతికాను. ఆ రెండు జతలూ పక్కపక్కనే చెక్క అంచు దాకా వెళ్ళాయి.

నాకు కోపం వచ్చింది. ఎవడురా ఈ పని చేసిందని మిమ్మల్ని ఒక్కొక్కరినీ నిలదీశాను, క్షమించండి. చివరికి వదినని అడిగాను. "బావగారు దిగారుగా అయ్యా. ఇంక అడక్కు" అన్నారు.

కారణం లేని మరక అబద్ధమన్నారు మాస్టారు. మరి వీటికి కారణమేంటి? నాకు ఒక్కటే తోస్తోంది. చూడనిది ఆయన వేయరు. ఈసారి చూశారు.

ఇదిగో, ఈ గాజు పెట్టెలో ఉంది. వెళ్ళేముందు చూడండి. మూత మాత్రం ఎత్తొద్దు. దుమ్ము ఇంకా అతకలేదు, ఒక్క తుమ్ము చాలు.

ఇక అందరూ లేవండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు, కదలొద్దు. కుర్చీల మధ్య అడుగుల చప్పుడు వినిపిస్తే తిరిగి చూడకండి. కాస్త దారివ్వండి.