మడిచిన కాలు

(జోరు వాన. కారు నడుపుతున్నది భర్త, పక్కన భార్య, వెనక సీట్లో అతని తల్లి.)

“మళ్ళీ మొదలెట్టావా? కారు కొన్నది నేను, నడుపుతున్నది నేను, భయం మాత్రం నీకా?”

“భయం కాదండీ. ఆ క్రూయిజ్ కంట్రోల్ ఆపెయ్యమంటున్నా. రోడ్డంతా నీళ్ళు.”

“ఆపేసేదానికి అది ఉన్న కారే కొనడమెందుకు? స్పీడు సంగతి అదే చూసుకుంటుంది. నా కాలికి హాయి.”

“ఆ హాయి ఎక్కువయ్యే కుడికాలు మడిచి తొడకింద పెట్టుకున్నారు. ఇదేమన్నా మనింట్లో సోఫానా?”

“ఏంటమ్మాయ్, వాడి కాలు వాడిష్టం. లైసెన్సు వచ్చిందో లేదో, మొగుడికి పాఠాలా?”

“వచ్చి రెండేళ్ళయింది అత్తయ్యా. ఒక్కసారి స్టీరింగ్ ఇస్తే ఒట్టు.”

“ఇస్తే ఇంకేమన్నా ఉందా! మన గేటు దాటడానికే గంట పడుతుంది నీకు.”

“గంట పట్టినా గీత పడదుగా. మీరు తీసినప్పుడల్లా…”

“అది గేటు తప్పు.”

“అవునవును, గేటే పరిగెత్తుకొచ్చి గుద్దింది. సరే, ఇది వినండి. నీళ్ళ మీద చక్రాలు పట్టు తప్పినా దానికి తెలీదు. స్పీడు తగ్గనివ్వకుండా తోస్తూనే ఉంటుంది. మీ కాలేమో పైనుంది.”

“అబ్బో! కారు చేసినవాళ్ళకి తెలీనిది నీకు తెలిసింది.”

“వాళ్ళే చెప్పారు. తడి రోడ్డు మీద వాడొద్దని షోరూమబ్బాయి మొత్తుకుంటుంటే, పాటలెలా పెట్టాలని అడుగుతున్నారు తమరు.”

“విన్నాలే…”

“ఏమండీ! జారింది! చూశారా, పక్కకి జారింది!”

“ఏం కాదు… ఏం కాదు…”

“ముందు లారీ ఆగింది! బ్రేకు! బ్రేకు నొక్కండి!”

“నొక్కుతున్నా…”

“ఎక్కడ నొక్కుతున్నారు?”

“తెలీట్లేదే! కాలు తిమ్మిరెక్కింది!”

“ఓరి నాయనోయ్!”

“అరవకండి అత్తయ్యా. క్రూయిజ్ బటన్ నేను నొక్కి ఆపేశా. ఏమండీ, స్టీరింగ్ అలాగే పట్టుకోండి. ఎడమకాలు ఉందిగా, దాంతో… మెల్లగా. మెల్లగా అన్నానా! ఆ… అలా.”

“ఆగిందా?”

“ఆగింది అత్తయ్యా. కళ్ళు తెరవండి.”

“చూశావా అమ్మా, ఎలా ఆపానో! కాస్త తిమ్మిరి వదలనీ, బయల్దేరదాం.”

“నోర్ముయ్. దిగి వెనక్కి రా, ఇక్కడైతే రెండు కాళ్ళూ మడుచుకోవచ్చు. అమ్మాయ్, నువ్వటు జరిగి స్టీరింగ్ పట్టుకో.”