కొంగల దిబ్బ ఫిర్మాన్ దుబోస్క్ గారు

1985 నవంబరు 4, సోమవారం నాడు శ్రీ ఫిర్మాన్ దుబోస్క్ గారు బ్రాస్‌గ్రావ్ ద్రాక్షతోటలో కత్తిరింపు పనివారిగా చేరారు. అప్పటికి వారి వయసు ఇరవై మూడేళ్ళు. ఈ మార్చి 31న పదవీ విరమణ చేస్తున్నారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా తోటకు యజమానులు మూడుసార్లు మారారు, మా వైన్ సీసా మీది పేరు కాగితం రెండుసార్లు మారింది. తమ చేతికి వచ్చిన తీగలను మాత్రం దుబోస్క్ గారు మార్చుకోలేదు.

మా తోటలో ఒక్కొక్క పనివారికి కొన్ని వరుసలు అప్పగించే పద్ధతి నేటికీ ఉంది. శీతకాలపు కత్తిరింపు మొదలు వేసవిలో ఆకు తీయడం వరకు ఆ వరుసల మంచిచెడ్డలన్నీ వారివే. 1991లో దుబోస్క్ గారికి నది వైపున్న కొంగల దిబ్బ దక్కింది. గులకరాళ్ళ నేల, 1934లో నాటిన తీగలు. కాపు తక్కువ, నడుము వంగుడు ఎక్కువ అని అందరూ వద్దనుకున్న చోటును వారు అడిగి తీసుకున్నారట. 1998లో కత్తిరింపు బృందానికి పెద్ద అయ్యాక కూడా దానిని మరొకరికి వదలలేదు.

నేను 2017 జనవరిలో వారి బృందంలో చేరాను. ఆ ఏప్రిల్ చివరి వారంలో మంచు పడి, తెల్లవారేసరికి కొంగల దిబ్బ మీది చిగుళ్ళన్నీ నల్లబడ్డాయి. మా నిర్వాహకురాలు ఏలియాన్ రుస్సెల్ గారు వచ్చి చూశారు.

"దుబోస్క్ గారూ, ఇవి ముసలి తీగలు. శీతకాలంలో పీకించి కొత్తవి నాటిద్దాం."

"కోతల దాకా ఆగండి మేడమ్. బతికాయో చచ్చాయో అవే చెబుతాయి."

"చచ్చాయని చెబితే?"

"గునపం నేనే తెస్తాను."

మే నెలలో నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పక తప్పదు. ఏటా మే నెలలో మొదలు దగ్గర పుట్టే పిలకలను తుడిచేయడం మా అలవాటు. ఎవరూ చెప్పకుండానే, పని ముందుగా అయితే మెచ్చుకుంటారని, నేను కొంగల దిబ్బ మీద ఒక వరుస మొత్తం, అరవై తీగలు, శుభ్రంగా తుడిచేశాను. దుబోస్క్ గారు వచ్చి ఆ వరుస పొడవునా నడిచి, వెనక్కి తిరిగి వచ్చారు.

"ఎవరు చెయ్యమన్నారు అమ్మాయ్?"

"ఎవరూ చెప్పలేదండి. ప్రతి మే నెలలో చేసేదే కదా అని..."

"ప్రతి మే నెలలో దీనికి పైన తల ఉంటుంది. ఈ ఏడు తల మాడిపోయి, కాళ్ళ దగ్గర్నుంచి బతుకుదామని చూస్తోంది. నువ్వు కాళ్ళు కూడా లాగేశావు. చాలా నీటుగా లాగేశావులే."

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని రుస్సెల్ గారి గదికి వెళ్ళారు. నన్ను పంపించేస్తారనుకున్నాను.

"ఈ పిల్ల అరవై తీగల పిలకలు తీసేసింది. పొరపాటు పెద్దదే. కానీ ఇంకెప్పుడూ ఈ పొరపాటు చెయ్యదని నేను రాసివ్వగలిగిన మనిషి తోట మొత్తంలో ఈ పిల్ల ఒక్కతే. దీన్ని నా దిబ్బ మీదే ఉంచండి."

జూన్‌లో ఆ అరవైలో నలభై ఒకటి మళ్ళీ పిలక వేశాయి. ప్రతి పిలకనూ పుల్లకు కట్టాం; సగం వారు స్వయంగా కట్టారు, సగం నా చేత కట్టించారు. పదిహేను పీపాల రసం వచ్చే దిబ్బ ఆ ఏడు రెండు పీపాలు ఇచ్చింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో, ఏ పీపా తోట పేరుతో అమ్మే మొదటి రకం వైన్‌లోకి వెళ్ళాలో తేల్చే రోజున రుస్సెల్ గారు దుబోస్క్ గారిని కూడా రుచి చూడమన్నారు. ఆ రెండు పీపాలూ మొదటి రకంలో చేరితే దిబ్బ నిలుస్తుందని గదిలో అందరికీ తెలుసు. దుబోస్క్ గారు ఒక గుక్క పుక్కిలించి, రుచి చూసే పద్ధతి ప్రకారం ఉమ్మి, గ్లాసు కింద పెట్టారు.

"వాసన బాగుంది. బలం లేదు. రెండో రకంలో పొయ్యండి."

"మీ తీగలవే కదండీ ఇవి," అన్నారు రుస్సెల్ గారు.

"నావి కాబట్టే చెబుతున్నాను మేడమ్. రసం పలచన, కానీ వేరు గట్టిగా ఉంది. ఇంకో పదిహేనేళ్ళు కాస్తాయి. అదీ నిజమే, ఇదీ నిజమే."

రుస్సెల్ గారు తన కాగితాల్లోంచి ఒకటి బయటికి తీశారు. "మొదటి మాట నమ్మినదాన్ని రెండోది నమ్మకుండా ఎలా ఉంటాను," అని, తీగలు పీకించమని రాసిన ఆ కాగితాన్ని చింపేశారు. 2019 నుంచి కొంగల దిబ్బ రసం ఏటా మొదటి రకంలోనే చేరుతోంది.

ఇప్పుడు ఆ దిబ్బను నాకు అప్పగించారు. ఆ తీగలను పీకాలన్న మాట మళ్ళీ వస్తుంది. ముసలి తీగలకు అది తప్పదు. ఆ రోజున తీగల పక్షాన నిలబడి, అవసరమైతే వాటికి వ్యతిరేకంగా కూడా, నిజమే చెప్పాలని నిశ్చయించుకున్నాను. దుబోస్క్ గారు, వారి సతీమణి జెర్మేన్ గారు ఆయురారోగ్యాలతో, నడుము నొప్పి లేని శీతకాలాలతో చిరకాలం సుఖంగా ఉండాలి. ఏటా కొంగల దిబ్బ రసం వారి ఇంటికి పంపుతాను. బాగుంటే ఊరుకోవడానికి, బాగాలేకపోతే బాగాలేదని కబురు చేయడానికి, వారు నిండు నూరేళ్ళు ఉండాలని నా ప్రార్థన.

— క్లెమాన్స్ రివాల్