పదహారు నుంచి ముప్ఫైరెండుకి

మధ్యాహ్నం. డిస్కులు పరీక్షించే ఇరుకు గది. కంప్యూటరు మాటను డిస్కుకు చేరవేసే డ్రైవర్ ప్రోగ్రాముకు ఇరవై ఏళ్లుగా పెద్దదిక్కుగా ఉన్న బావ ఒక కుర్చీలో, నిరుడు అతని కిందే ఉద్యోగంలో చేరిన మరదలు ఇంకో కుర్చీలో. ఆమె ఆ ప్రోగ్రాములో చేసిన మార్పును అతను అప్పుడే మూడోసారి వెనక్కి పంపాడు.

“ఈసారేం దోషం దొరికింది బావా? మొదటిసారి కోడు లైన్లలో ఖాళీలు ఎక్కువన్నారు. రెండోసారి వివరణ పొడుగన్నారు. ఇప్పుడు నా చేతిరాత బాగాలేదా?”

“ఆఫీసులో బావా అనొద్దని చెప్పాను.”

“సరే సార్. ఎందుకు తిప్పి పంపారో సెలవివ్వండి సార్.”

“తొందరేముంది? పదహారు బిట్లతో ఇన్నేళ్లు నడిచింది. నువ్వొచ్చి ముప్ఫైరెండు చెయ్యకపోతే కొంప మునుగుతుందా?”

“మునిగింది. పొద్దున్న మీ కళ్ల ముందే పరీక్ష పెట్టి చూపించానుగా.”

“నేను ఫోన్లో ఉన్నాను.”

“ఫోన్ తలకిందులుగా పట్టుకుని ఉన్నారు. పోనీ, మళ్లీ చెప్తాను. ఎన్ని ముక్కలు రాయాలో డిస్కుకి చెప్పే అంకె ఉందే, దానికి మనమిచ్చిన చోటు పదహారు బిట్లు. అరవై అయిదు వేల అయిదు వందల ముప్ఫై అయిదు దాకా పడుతుంది. ఇంకొక్కటి కలిపితే సున్నా. సరిగ్గా ఆ ఒక్కటీ కలిపి, ముక్క అర కేబీ చొప్పున ముప్ఫైరెండు ఎంబీలు ఒకే విడతలో పంపాను. మన డ్రైవర్ డిస్కుతో ఏమందో తెలుసా? సున్నా ముక్కలు రాయమంది. డిస్కు బుద్ధిగా సున్నా ముక్కలు రాసి, అయిపోయింది అంది. పైన అందరూ సంతోషం. లోపల గుండుసున్నా.”

“అంత పెద్దది ఒకేసారి ఎవడు పంపుతాడు?”

“ఒకప్పుడు ఎవరూ పంపేవాళ్లు కాదు. ఎంత పెద్దదొచ్చినా చిన్నచిన్నగా కోసి పంపే హద్దు ఒకటుండేది. పదకొండు నెలల క్రితం ఎవరో మహానుభావుడు, వేగం పెరుగుతుందని ఆ హద్దు పెంచేశాడు. గేటు వెడల్పు చేశాడు గానీ వెనకాల వంతెన ఎంత ఇరుకో చూసుకోలేదు.”

“మహానుభావుడా.”

“పేరు చెప్పమంటారా? ఆ మార్పు కింద మీ పేరే ఉంది.”

“ఏసీ ఎక్కువైనట్టుంది. తగ్గించనా?”

“ఆ ఏసీ చెడిపోయి రెండ్రోజులైంది సార్.”

“సరే. నీ మార్పు తీసుకుంటాను. ఆ అంకె వచ్చే నాలుగు చోట్లా సరిగ్గా వెడల్పు చేశావు. ముక్కల్ని బైట్లుగా లెక్కగట్టే గుణకారం దగ్గర కూడా జాగ్రత్తపడ్డావు, నాకే తట్టేది కాదు. వివరణలో ఆఖరి లైను ఒక్కటి తీసెయ్, ఇవాళే ఎక్కించేద్దాం.”

“ఏ లైను? పదకొండు నెలల కిందటి మార్పుతో ఈ లోపం వచ్చిందని రాశానే, అదా?”

“అది లేకపోయినా కోడు పనిచేస్తుంది.”

“కోడు పనిచేస్తుంది. మరి ఆసుపత్రి?”

“ఏ ఆసుపత్రి?”

“మనకున్నదే ముగ్గురు ఖాతాదారులు, అందులో ఒకరిని మర్చిపోయారా? స్కాన్ బొమ్మలన్నీ మన డిస్కుల్లోనే దాచుకుంటున్న ఆసుపత్రి. ఒక పెద్దావిడ తలకి తీసిన పాత స్కాన్ తెరిస్తే నల్లగా వస్తోందని, డాక్టరు పోల్చి చూసుకోలేక కూర్చున్నారని, అక్కడి టెక్నీషియన్ పోయిన వారం మీకు చెప్పాడట. మీరు వైరు మార్చి చూడమన్నారట.”

“ఆ వైరు పాతదే.”

“మార్చాడు. ఇప్పుడు కొత్త వైరుతో నల్లగా వస్తోంది.”

“నీకెవరు చెప్పారు?”

“నిన్న మీరు భోజనానికి వెళ్లినప్పుడు మళ్లీ ఫోన్ చేశాడు. అది మన నిర్వాకమేనని పొద్దున్న పరీక్ష దాకా నాకూ తెలియలేదు. ఇంకో మాట కూడా చెప్పాడు. స్కాన్ మిషన్లు తీసిన బొమ్మల్ని పన్నెండు నెలలు తమ దగ్గరే ఉంచుకుని, తర్వాత చెరిపేస్తాయట. అంటే మనం పోగొట్టినవన్నీ ఇంకా అక్కడ బతికే ఉన్నాయి. మూడు వారాల్లో చెరగడం మొదలవుతుంది. ఏ తేదీ నుంచి వెతకాలో చెప్పేది మీరు తీసెయ్యమంటున్న ఆ లైనే. మీ పరువు కోసం...”

“పరువు కోసం కాదు.”

“మరి అక్క తిడుతుందనా? నేను సర్దిచెప్తాలెండి. మీ ఆయన్ని ఏమీ అనకక్కా, పాపం ఒక్క అంకె దగ్గరే కదా కాలు జారింది అంటాను. మీ దగ్గర పని నేర్చుకుంటున్నానని ఊరంతా చెప్పుకుని తిరిగాను బావా. తప్పు చెయ్యడం ఒకెత్తు. దానిమీద దుప్పటి కప్పడం ఇంకో ఎత్తు. ఆ హద్దు పెంచిన మనిషికి అసలు నిద్రెలా పడుతోందో.”

“బాగానే పడుతోంది. తెలీదు కాబట్టి.”

“ఎవరికి తెలీదు?”

“వదిలెయ్.”

“ఎవరికి బావా?”

“నువ్వు చేరిన వారం గుర్తుందా? నీకు లాగిన్ రావడానికి పదిహేను రోజులు పట్టింది. అన్నాళ్లూ ఎవరి లాగిన్‌తో పనిచేశావు?”

“మీదాంతో.”

“ఇంటికొచ్చి అక్కతో ఏం చెప్పావు?”

“డిస్కు వేగం రెట్టింపు చేశానని... అది కాదు బావా. నేను మార్చింది సెట్టింగుల ఫైల్లో ఒక అంకె.”

“ఆ అంకే హద్దు. దాన్ని అక్కణ్ణించి తీసి కోడులో పెట్టింది నేను. వంతెన సంగతి తెలిసి కూడా చూసుకోకుండా సరే అన్నదీ నేనే. అందుకే పేరు నాదే ఉండనీ. ఆ లైను ఉంటే ఎవరో ఒకరు తవ్వుతారు. నీ ఉద్యోగం ఖాయమయ్యేది వచ్చే నెల.”

“మూడ్రోజులుగా మిమ్మల్ని నోటికొచ్చినట్టు అన్నాను.”

“బాగా అన్నావు. కొన్ని నేనూ వాడుకుందామనుకుంటున్నాను.”

“ఆసుపత్రికి ఎప్పుడు చెబుదామనుకున్నారు?”

“నీ ఉద్యోగం ఖాయమైన కాగితం చేతికొచ్చాక.”

“అప్పటికి చెరగడం మొదలైపోతుంది.”

“ఆ గడువు సంగతి నాకూ చెప్పాడు. లెక్కేశాను. కొన్నే పోతాయి.”

“కొన్ని అంటే మనుషులు బావా.”

“తెలుసు. వారం రోజులుగా అదే లెక్క వేస్తున్నాను. ఏ పూటా సరిగ్గా రావట్లేదు.”

“ఆ ఫోన్ ఇలా ఇవ్వండి.”

“ఆగు. నేను మాట్లాడతాను.”

“మీరు మాట్లాడితే ఇంకో వైరు మార్చమంటారు. ఇవ్వండి... హలో, స్కాన్ల విభాగమా అండీ? డిస్కుల కంపెనీ నుంచి. మీ మిషన్లలో పాత బొమ్మలు ఒక్కటి కూడా చెరిగిపోకుండా ఇప్పుడే ఆపించండి. ఏ తేదీ నుంచి చూడాలో నేను చెప్తాను... అవునండీ, లోపం మాదే... సారు కాదండీ, రికార్డులో ఆయన పేరుంటుంది. చేసింది నేను.”